ఎలుకతోక అతుకు

జనవరి 9

భూతద్దం అక్కకి,

ముందుగా నీ ప్రశ్నలన్నిటికీ ఒకేసారి జవాబు. తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను, దగ్గు తగ్గింది, జుట్టుకి నూనె రాసుకుంటున్నాను. ఈ ఆఖరిది అబద్ధం.

ఇక అసలు సంగతి. మా షెడ్డుకి టైటానియం వచ్చింది! ఇన్నేళ్ళూ ఇనుముతోనే కాపురం చేసినదాన్ని, ఆ పలక చేతిలో పెట్టగానే బిత్తరపోయాను. చూడటానికి అంత దిట్టంగా ఉందా, ఎత్తితే సగం బరువే అనిపించింది. "ఇది గొప్పింటి పిల్ల, ఊరికే అలుగుతుంది" అన్నాడు మా మేస్త్రీ. నిజమే. ఇనుమైతే వెల్డింగ్ ఆర్క్ వెలిగించి, అతికేసి, అవతల పడేసి టీకి పోతాం. దీన్ని ముందు శుభ్రంగా తుడవాలి, చేతి చెమట తగలకుండా తొడుగులు వేసుకోవాలి, పైనా కిందా వెనకా అన్ని వైపులా ఆర్గాన్ వాయువు పడుతూ ఉండాలి. చంటిపిల్లకి కూడా ఇన్ని సేవలు చెయ్యరు.

నేను మొదటిసారి అతికిన ముక్క ఒకటి ఈ కవర్లో పెట్టాను. ఎంత బాగుందో చూడు! నెమలి కంఠం రంగు. మిగతావాళ్ళకి ఇలా రాలేదు, వాళ్ళవి ఒట్టి వెండి రంగులో వెలవెలబోయాయి. కిటికీలో పెట్టుకో, నన్ను తలుచుకో.

ఇప్పుడు కూర్చుని చదువు. మీ లేబొరేటరీకి ఎదురుగా కొత్త షెడ్డు కడుతున్నారని రాశావు కదా, అది టైటానియం పనికేనట. ఇక్కడ మేము పరీక్ష పలకలు అతికి పంపాలి. ఎవరి పలక నెగ్గితే వాళ్ళని ఆ షెడ్డుకి బదిలీ చేస్తారట. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు. అక్కా, నీ వీధి! నీ ఇంటి గేటు! పని అయిపోగానే రోడ్డు దాటితే నువ్వు! నిన్న ఈ మాట విన్న దగ్గర్నుంచి నా కాళ్ళు నేల మీద లేవు.

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ మన సంగతి తెలిసిందేగా, నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది, నా ఏడుపు వినగానే నీకు మాట పడిపోతుంది. అందుకే మనకి ఉత్తరాలే గతి.

వెంటనే జవాబు రాయి. రాయకపోతే నూనె సీసా పారబోస్తాను.

నీ పిడుగు


జనవరి 19

పిడుగమ్మా,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో కూర్చుని చదివాను. కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయని పక్కావిడ అడిగింది. టీ వేడిగా ఉందని చెప్పాను.

ఇక్కడ నాకున్న రెండు గదుల్లో రెండోది ఎప్పుడూ మూసే ఉంటుంది. అందులో కుంటి బల్ల, పాత ట్రంకు పెట్టె, అమ్మ కుట్టు మిషను తప్ప ఏమీ లేవు. నిన్న తలుపు తీసి చూసుకున్నాను. సున్నం వేయించాలి, కిటికీ గొళ్ళెం బాగుచేయించాలి. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె ఆ గది అద్దెకి ఇస్తారా అని అడుగుతోంది. చూద్దాం అన్నాను.

నీ నెమలి కంఠం కిటికీలోనే ఉంది. వచ్చినవాళ్ళంతా చేతిలోకి తీసుకుని మెచ్చుకుంటున్నారు. కానీ నీకు నిజం చెప్పకపోతే నేను అక్కనే కాదు. ఆ రంగు రాకూడదే పిచ్చిదానా! వెలవెలబోయాయన్నావు చూడు, వాళ్ళవే మంచి అతుకులు.

టైటానియం చల్లగా ఉన్నప్పుడు ఎంత నెమ్మదస్తురాలో, కాగినప్పుడు అంత ఆత్రగత్తె. చుట్టూ ఉన్న గాలిని తాగేస్తుంది. తాగిన గాలి లోపల బిగుసుకుపోయి లోహం పెళుసుబారుతుంది. వెండిలా తెల్లగా ఉంటే గాలి తగల్లేదని అర్థం. ఎండుగడ్డి రంగు వస్తే కాస్త తగిలింది, పోనీలే అనుకోవచ్చు. నీలం అంటే బాగా తాగిందన్నమాట. బూడిద రంగు వచ్చిందా, ఇక దాని గురించి మాట్లాడుకోనక్కర్లేదు. మీరు ఆర్గాన్ పట్టేది ఈ ఆత్రాన్ని ఆపడానికే.

ఇంకొక మాట. మా దగ్గరికి పలకలు నంబర్లతోనే వస్తాయి, పేర్లుండవు. నీ నంబరు నాకు రాయకు. నేను అడగను. తెలిస్తే నీ పలకని ముట్టుకునే హక్కు నాకు పోతుంది.

చెయ్యి కాస్త నిదానించు. మన పాత ఇంటి కిటికీ ఊచలు నువ్వు అతికినప్పుడు ప్రతి అతుకూ చివర్లో ఎలుకతోకలా సాగి ఉండేది. అమ్మ వాటి మీదే బట్టలు ఆరేసేది, చిరిగిన ప్రతిసారీ నీ పేరు పెట్టి తిట్టేది. ఆ తిట్లు కూడా ఇప్పుడు వినాలనిపిస్తోంది.

నూనె రాసుకో.

అక్క


ఫిబ్రవరి 8

అక్కా,

వెండి! అతుకు మొత్తం వెండి! ఈ చివర నుంచి దాదాపు ఆ చివరదాకా ఎక్కడా మరక లేదు. నీ రంగుల పాఠం మేస్త్రీకి చదివి వినిపిస్తే, "మీ అక్కని నాకు బదులు పెట్టుకోమంటాను" అన్నాడు. ఉడుక్కున్నాడో మెచ్చుకున్నాడో అర్థం కాలేదు.

పరీక్షలో ఒక మెలిక ఉంది. సగం దూరం అతికి ఆపెయ్యాలి. మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టి పూర్తిచెయ్యాలి. నిజం పనిలో ఎవరూ ఒక్క ఊపిరిలో అతకలేరు కదా, అందుకట. నేను ఆపాను, మొదలుపెట్టాను, ఎక్కడ ఆపానో నాకే కనబడనంత నున్నగా వచ్చింది. మా పొడుగాయన, అదే నా పక్క బల్ల మీద పనిచేసేవాడు, నా పలక పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మరీ చూశాడు. ఎవర్నీ మెచ్చుకోని మనిషి. ఒక్క వంకా పెట్టకుండా తిరిగిచ్చేశాడు. అదే మెప్పు.

నిన్న పలకలన్నీ పెట్టెలో సర్ది పంపించారు. ఆ పెట్టె మీద మీ లేబొరేటరీ చిరునామా చూసి నాకు అసూయ వేసింది. నాకంటే ముందు అది నీ దగ్గరికి చేరుతుంది.

నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని ఇంటివాళ్ళకి చెప్పేద్దామనుకుంటున్నాను. నా మంచం పక్కింటావిడ తీసుకుంటానంది. మనిద్దరం చిన్నప్పటిలా ఒకే మంచం మీద సర్దుకుందాంలే. నువ్వు గోడవైపు పడుకో, నేను తన్నినా కింద పడవు. సాయంత్రాలు ఏం చేస్తాం? ఏమీ చెయ్యొద్దు. నువ్వు పేపరు చదువుతూ ఉండు, నేను నీ పక్కన ఊరికే కూర్చుంటాను. ఎన్నాళ్ళైందో అలా కూర్చుని.

సున్నం ఏ రంగు వేయిస్తున్నావు? నీలం మాత్రం వద్దు!

నీ వెండి పిడుగు


ఫిబ్రవరి 24

చెల్లికి,

నేను క్షేమం. ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

గదికి సున్నం వేయించడం ఇంకా కుదరలేదు. నువ్వు అక్కడి గది ఇప్పుడే ఖాళీ చెయ్యకు. మంచం కూడా ఎవరికీ ఇవ్వకు. తొందరేముంది, మెల్లగా చూద్దాం.

ఆరోగ్యం జాగ్రత్త.

అక్క


మార్చి 3

"చెల్లికి" అట!

ఆ మాట చూడగానే ఉత్తరం తప్పు చిరునామాకి వచ్చిందేమో అనుకున్నాను. పిడుగు ఏమైంది? పిడుగమ్మ ఏమైంది? ఇంత పొడుగు ఉత్తరం నేను రాస్తే, నువ్వు నాలుగు ముక్కలు రాసి పడేశావు. అవి కూడా ఇంటి ఓనరు రాసినట్టున్నాయి.

గది ఖాళీ చెయ్యొద్దన్నావు, సరే. మంచం ఇవ్వొద్దన్నావు, సరే. చూద్దాం అన్నావు చూడు, అక్కడ గుచ్చుకుంది. అద్దెకి అడిగిన ఆ కొత్తమ్మాయితో కూడా చూద్దాం అనే అన్నావు. ఆవిడకి ఇచ్చేశావా? ఇచ్చేస్తే ఇచ్చేశానని రాయి. అమ్మ మిషను పక్కన ఎవరో పరుపు వేసుకుని పడుకుంటారని తలుచుకుని అర్ధరాత్రి లేచి కూర్చుంటున్నాను.

ఒంటరిగా ఉండటం అలవాటై, ఇంట్లో ఇంకొకళ్ళు ఉంటే ఇబ్బంది అనిపిస్తోందా? అలాగైనా చెప్పు. నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ, చెప్పు.

నేను ఇప్పటిదాకా ఇంటివాళ్ళకి ఏమీ చెప్పలేదు. పక్కింటావిడ మంచం కోసం రోజూ తొంగిచూసి పోతోంది.

ఎవరో ఒక చెల్లి


మార్చి 14

అక్కా,

మీ లేబొరేటరీ కాగితం వచ్చింది. మేస్త్రీ నన్ను పక్కకి పిలిచి చేతిలో పెట్టాడు. అందరి ముందూ చదవలేదు, ఆ పుణ్యం కట్టుకున్నాడు.

లాగే పరీక్షలో నా అతుకు తెగలేదట. అతుక్కి పక్కనున్న లోహమే తెగిందట. అంటే నా అతుకు అసలు లోహం కంటే బలంగా ఉందని మీరే రాశారు. ఆ కింది వరసలో వంచే పరీక్షలో, మధ్యలో ఆపిన చోట చిట్లిందని రాశారు. అందుకని నెగ్గలేదు. బలం ఎక్కువైనందుకు ఫెయిలయిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఎక్కడ చిట్లిందో రాశారు గానీ ఎందుకు చిట్లిందో రాయలేదు. మేస్త్రీకీ అంతుపట్టలేదు. పైన మచ్చ లేదు కదా అంటాడు.

ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆ పరీక్ష చేసింది నువ్వేనా?

నువ్వే అయితే, ఆ రోజు గది ఖాళీ చెయ్యొద్దని రాసేటప్పటికే నీకు తెలుసు. తెలిసి, నాతో సున్నం గురించి మాట్లాడావు. లేబొరేటరీ రూలు నాకు తెలుసు, నంబరు రాయొద్దన్నావు, రాయలేదు. కానీ ఇన్నాళ్ళూ ఇక్కడ నేను నీ "చూద్దాం" పట్టుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

పెళుసుబారడం గురించి నాకు పాఠం చెప్పావు. నీ ఉత్తరం కూడా అలాగే ఉంది. నువ్వు గట్టిపడిపోయావక్కా. వంచబోతే విరిగేలా ఉన్నావు.

ఇంకొక అవకాశం ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

నేను


మార్చి 22

నా పిడుగా,

అవును. చేసింది నేనే.

కాగితం మా గుమ్మం దాటేదాకా ఒక్క మాట కూడా బయటికి చెప్పకూడదు. అందుకే ఆ పొడి ఉత్తరం రాశాను. పిడుగమ్మా అని మొదలుపెట్టి ఉంటే ఆ తర్వాత ఆగేదాన్ని కాదు, మొత్తం కక్కేసేదాన్ని. నువ్వు గది వదిలేసి, మంచం ఇచ్చేసి, రోడ్డున పడతావేమోనని భయం. ఆ భయంలో నా చేతికి వచ్చిన మాటలు అవే. నీకెలా తగులుతాయో ఆలోచించలేదు. ఆ అమ్మాయికి గది లేదని జనవరిలోనే చెప్పేశాను. నీకు రాయడం మర్చిపోయాను, అంతే. మిషను పక్కన ఎవరూ లేరు.

జరిగింది జరిగినట్టు చెప్తాను. పలక రాగానే రెండు కొసలూ కోసి పళ్ళెంలో పడేస్తాం, అవి లెక్కలోకి రావు. మధ్య భాగంలోంచి పట్టీలు కోసి కొన్నిటిని లాగుతాం, కొన్నిటిని వంచుతాం. ఆ రోజు ఒక పలకలో పట్టీ లాగితే అద్భుతంగా నిలిచింది. వంచితే మధ్యలో చిట్లింది. పైన చూస్తే వెండి, ఎక్కడా తప్పు లేదు. ఎందుకు చిట్లిందా అని పళ్ళెంలో వెతికి ఆ పలక కొస బయటికి తీశాను. చివర ఎలుకతోక. తోక కొసన గోటి నెలవంకంత నీలం మరక.

పేరు లేకపోతేనేం, ఆ తోక నాకు తెలియదా!

కొస తీసుకుని మా లేబొరేటరీ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఇది మా చెల్లి పలకండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా" అన్నారు. నాకు తెలుసు కదండీ అన్నాను. మిగిలిన పట్టీని ఆయనే స్వయంగా వంచారు. అదీ చిట్లింది. నీ రెండో పలకని నేను చూడకూడదని, ఆ పని ఇంకొకతనికి అప్పగించారు. "ఎందుకు చిట్లిందో చెప్పడం మాత్రం మన బాధ్యతే. నెగ్గనివాళ్ళందరికీ కారణం రాసి పంపు, మీ చెల్లికీ రాయి" అన్నారు. ఆ కాగితం మీ మేస్త్రీకి వేరేగా వస్తుంది. నీకు నేను చెప్పుకుంటాను.

బలం ఎక్కువైనందుకు ఫెయిలయ్యానన్నావు. ఆర్క్ వేడికి లోహం కరిగి గబగబా చల్లారుతుంది కదా, అప్పుడు లోపల సన్నటి సూదులు పేర్చినట్టు తయారవుతుంది. పక్కనే కరగకుండా కాగిన చోట లోహం లోపలి గింజల్లాంటి రేణువులు ఉబ్బి పెద్దవవుతాయి. మైక్రోస్కోపులో చూస్తే ఆ తేడా స్పష్టంగా కనబడుతుంది. దీనివల్ల అతుకు కాస్త గట్టిపడుతుంది, సాగే గుణం కాస్త తగ్గుతుంది. ఇది అందరి అతుకుల్లోనూ ఉండేదే, ఫరవాలేదు. నీ పలకలో నువ్వు ఆపిన చోట మాత్రం మామూలు గట్టిదనం కాదు. గట్టిదనం కొలిచే వజ్రపు మొనతో నొక్కితే గుంట పడీపడనట్టు పడింది. అక్కడ గాలి తాగింది. అలాంటిది లాగితే నిలుస్తుంది. కానీ నిజం పనిలో ఏ లోహాన్నీ ఒక్క వైపుకే లాగి ఊరుకోరు. వంచుతారు, వణికిస్తారు, కాచి చల్లారుస్తారు. కొంచెం సాగి సర్దుకునే గుణం లేనిది అక్కడ పనికిరాదు.

గాలి ఎలా తగిలిందంటావా? నువ్వు ఆర్క్ ఆపీ ఆపగానే చెయ్యి వెనక్కి లాగేస్తావు. ఆర్గాన్ వచ్చేది చేతిలోని టార్చి మూతిలోంచే కదా, టార్చితోబాటు అదీ వెళ్ళిపోతుంది. మెరుపు ఆరింది కదా అని లోహం చల్లారదు. ఎరుపు పోయాక కూడా తాగుతూనే ఉంటుంది. ఆర్క్ ఆరినా టార్చి అక్కడే పట్టుకుని, చల్లారేదాకా ఆర్గాన్ పడనివ్వాలి. నువ్వు చెయ్యి లాగేశావు, తర్వాత తాగిన చోటు మీద నుంచే మళ్ళీ అతికావు. పైన వెండి వచ్చింది, తాగిన గాలి లోపలే ఉండిపోయింది. చివర్లో మళ్ళీ అతకలేదు కాబట్టి అక్కడ నీలం దాగలేదు.

ఇనుముకి ఈ అలవాటు పెద్ద ఇబ్బంది కాదు, అందుకే ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. నేను ఎలుకతోక అని నవ్వాను. నవ్వాను గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తోచలేదు.

నీకు గుర్తుందా? అమ్మ పనికి వెళ్ళేది, నేను పొయ్యి దగ్గర, నువ్వు నా కొంగు దగ్గర. ఒకరోజు నేను మంట ఆపి వెనక్కి తిరిగేలోపు నువ్వు పొయ్యి మీద అరచెయ్యి పెట్టేశావు. మంట లేదు కదా అనుకున్నావు. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఆ తర్వాత నీకు రోజూ అదే పాఠం. "మంట ఆరిందా, చెయ్యి వెనక్కి!" నువ్వు చెయ్యి లాగేవరకూ వదిలేదాన్ని కాదు. ఆటలా ఆడించాను, పాటలా పాడించాను. నీకు నేను ఎంత బాగా నేర్పానంటే, అది నీ ఎముకల్లోకి పోయింది. మైక్రోస్కోపు ముందు కూర్చుని నేను చూసింది నా పాఠాన్నే.

మళ్ళీ కొలిమిలో పెట్టి కాలిస్తే బాగుపడదా అని అడుగుతావు, నాకు తెలుసు. కాలిస్తే లోపలి బిగువు సడలుతుంది. తాగిన గాలి మాత్రం బయటికి రాదు. ఆ చోటు కోసి తీసేసి కొత్తగా అతకాల్సిందే.

గట్టిపడ్డావన్నావు. కోపం రాలేదు. పనికి వెళ్ళి, ఇంటికొచ్చి, తాళం తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా దీపం ఆర్పేస్తే మనిషి గట్టిపడక ఏమవుతుంది? నువ్వు కావాలి నాకు. నువ్వు తన్నితే గోడకి నొక్కుకుని పడుకోవాలి. ఇంతకంటే సూటిగా రాయడం నాకు రాదు.

నా మాట ఒక్కటి విను. ఇన్నాళ్ళూ నేను చెప్పింది వినకు. మంట ఆరినా చెయ్యి తియ్యకు.

అక్క


ఏప్రిల్ 16

అక్కా, అక్కా, అక్కా,

జవాబు ఆలస్యమైంది. కోపంతో కాదు. కోపం నీ ఉత్తరం మధ్యలోనే ఎక్కడో పోయింది. ఆ పొయ్యి దగ్గర పోయిందనుకుంటాను. నా అరచేతిలో ఆ మచ్చ ఇప్పుడు వెతికితే గాని కనబడదు. వెతికాను.

గట్టిపడ్డావని రాసినందుకు నా నోట్లో మన్ను పొయ్య. అయినా నాకూ సిగ్గు లేదు, ఆ మాట అనకపోతే నువ్వు "నువ్వు కావాలి నాకు" అని రాసేదానివా? ఆ కాగితం మడతలు పడి చిరిగేలా ఉంది.

ఆలస్యం ఎందుకంటే, చెయ్యి వినలేదు. నేను ఉంచుదామనుకుంటాను, అది పోతుంది. ఆర్క్ ఆరడం, చెయ్యి ఎగరడం, నాతో ప్రమేయం లేదు. మేస్త్రీ వచ్చి వెనక నిలబడి నా ముంజెయ్యి పట్టుకున్నాడు, ఆయన్ని కూడా లాక్కుని పోయింది. పొడుగాయన ముంజేతికి ఇటుక కట్టమన్నాడు. కట్టి చూశాను కూడా. ఇటుకతో సహా ఎగిరింది. షెడ్డంతా నవ్వుకున్నారు. నేను ముసుగు తియ్యలేదు, లోపల ఏడుస్తున్నాను మరి.

చివరికి ఏది పనిచేసిందో చెప్తాను, నవ్వకు. ఆర్క్ ఆరగానే ముసుగులో చీకటైపోతుంది కదా. ఆ చీకట్లో నీతో మాట్లాడటం మొదలుపెట్టాను. పైకే, పెదాలు కదిపి. అక్కా, ఇవాళ వాన వచ్చేలా ఉంది. అక్కా, పక్కింటావిడ మంచం మీద ఆశ వదులుకోలేదు. అక్కా, కొత్త చెప్పులు కరుస్తున్నాయి. నీతో మాట్లాడుతుంటే నేనెప్పుడైనా మధ్యలో లేచి వెళ్ళానా? చెయ్యి కూడా వెళ్ళడం మానేసింది. మాట పూర్తయ్యేసరికి లోహం చల్లారి ఉంటోంది. ముసుగు ఎత్తి చూస్తే వెండి. తోక లేదు, నెలవంక లేదు.

ఇప్పుడు ఇది నాకు అలవాటైపోయింది. రోజంతా నీతో మాట్లాడుతున్నాను. అందుకే ఉత్తరంలో రాయడానికి కొత్త సంగతులేమీ మిగల్లేదు.

రెండో పలకలు రేపు పంపుతున్నారు. ఇదే ఆఖరిది. పోతే, నువ్వు అక్కడ, నేను ఇక్కడ. నా పలకలో మధ్యన ఆపిన చోట ఏం మాట్లాడానో నీకు చెప్పను. ఎవరు వంచినా వంచనీ.

నీ నోరులేని పిడుగు


మే 12

పిడుగూ,

కాగితం ఇవాళ మధ్యాహ్నం మా గుమ్మం దాటింది. ఇది దాని వెనకే వస్తోంది. అందులో ఏముందో నాకు తెలియదు. నేను అడగలేదు, పెద్దాయన చెప్పలేదు. నేను వెళ్తుంటే మాత్రం, "కిటికీ గొళ్ళెం బాగుచేయించావా?" అన్నారు. గొళ్ళెం సంగతి ఆయనకెవరు చెప్పారో! దానికి అర్థం ఉందో లేదో ఇంటిదాకా ఆలోచించుకుంటూనే వచ్చాను.

అయినా కాగితం వెళ్ళిపోయాక పట్టీలు చెత్త డబ్బాలో పడేస్తారు కదా, ఆ డబ్బా ఎవరైనా చూడొచ్చు. నేను చూశాను. నేల మీద కూర్చుని అన్నీ బయటికి తీసి పరుచుకున్నాను. కొన్ని పట్టీలు గుర్రపు నాడాల్లా వంగి ఉన్నాయి, ఎక్కడా పగులు లేదు. కొన్ని చిట్లాయి. నీ కొస కోసం వెతికాను. తోక ఉన్న కొస ఒక్కటైనా కనబడుతుందేమోనని.

ఒక్కటీ లేదు. నీలం నెలవంక లేదు. అన్ని కొసలూ గుండ్రంగా, తెల్లగా, ఒక్కలాగే ఉన్నాయి. చిట్లినవి కూడా ఇంకేవో కారణాలతో చిట్లాయి, కొసలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఏది నీదో నాకు తెలియలేదు. చిన్నప్పటి నుంచీ నీ చేతిని గుంపులో గుర్తుపట్టేదాన్ని, ఇవాళ గుర్తుపట్టలేకపోయాను. సంతోషం వేసింది, వెంటనే బెంగ కూడా వేసింది. నా పిడుగు ఏదో నాకు తెలియకుండా పోయిందే అని. అందుకని అన్నింటినీ ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చూశాను. వాటిలో ఒకటి నీదే కదా. దానితోనే కదా నువ్వు నాతో మాట్లాడింది.

సున్నం వేయించాను. తెలుపు.

నీ మాట కోసం చూస్తూ,

అక్క


మే 20

అక్కా,

మంచం పక్కింటావిడకి ఇచ్చేశాను. గది ఖాళీ చేశాను.

శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. మేస్త్రీ కాగితం చదివి, ముక్కు ఎగబీల్చి, ఇక్కడ ఇటుకలు దండగ అయ్యాయి అన్నాడు. పొడుగాయన టార్చి తొడుగు కొత్తది ఒకటి నా సంచిలో పెట్టాడు. అతని పలకా నెగ్గింది, కానీ అతనికి ఇల్లు ఇక్కడే, రాడట.

మధ్యన ఆపిన చోట ఏం మాట్లాడానో ఇప్పుడు చెప్పొచ్చు. అక్కా, వచ్చేస్తున్నాను అన్నాను. అంతే అన్నాను. ఆ తర్వాత ఇంకేం చెప్పాలో తోచలేదు, లోహం ఇంకా చల్లారలేదు, అందుకని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ ఉన్నాను.

నెమలి కంఠాన్ని కిటికీలోంచి తియ్యకు. పనికిరాదు గానీ బాగుంటుంది.

గేటు దగ్గర నిలబడొద్దు, నన్ను చూడగానే నీకు మాట పడిపోతుంది, వీధిలో అందరూ చూస్తారు. సరే, నిలబడు. నువ్వేమీ మాట్లాడనక్కర్లేదు. నేను వచ్చి నీ చెయ్యి పట్టుకుంటాను. గబుక్కున తియ్యడం ఇప్పుడు నాకు చేతకాదు.

నీ పిడుగు